మైనస్ పోయిన చోట

మా గోదావరి వైపు కాలేజీల్లో ఒక అలవాటు ఉంది. జూనియర్ ఇంటరు లెక్కలు ఎవరైనా చెప్పొచ్చు, సీనియర్ ఇంటరు లెక్కలు మాత్రం సారే చెప్పాలి. ఆ సారు ఎలాంటివాడన్నది ముఖ్యం కాదు, సారు అయితే చాలు. నేను ఎమ్మెస్సీ చదివి, బీఎడ్ చేసి, అమలాపురం దగ్గర ఒక కాలేజీలో చాలాకాలం పనిచేశాను. సీనియర్ల గదిలో నేను అడుగుపెట్టింది పరీక్షల కాపలాకే. ఎప్పుడైనా అడిగితే అక్కడి ప్రిన్సిపాల్ నవ్వి, "మీకెందుకండీ ఆ తలనొప్పి, పెద్దపిల్లలు మాట వినరు" అనేవాడు. నా మాట వినని పిల్లలు నాకెప్పుడూ తగల్లేదు. విననిది ఆయనే.

కువైట్‌లో ఒక ఇండియన్ స్కూలు టీచర్ల కోసం ప్రకటన వేసినప్పుడు నేను అప్లై చేస్తే, జీతం కోసం అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. పెళ్ళి సంబంధాలు తప్పించుకోడానికని మా పిన్ని అనుకుంది. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ నన్ను పట్టుకున్నది ప్రకటన చివర ఉన్న ఒక వాక్యం. ఆడపిల్లల విభాగానికి మహిళా టీచర్లే కావాలని రాసుంది. అంటే పన్నెండో తరగతికి కూడా. లోకంలో ఎక్కడో ఒకచోట సీనియర్ల లెక్కలు సారు కానివాళ్ళ కోసం ఖాళీగా ఉన్నాయన్నమాట. డిగ్రీ కాగితాల మీద ముద్రలు వేయించుకోడానికి ఢిల్లీ దాకా తిరిగాను. ఆ తిరుగుడు గురించి ఒక పుస్తకం రాయొచ్చు గానీ ఎవరూ చదవరు.

తీరా వచ్చాక చేతిలో పెట్టింది ఆరో తరగతి.

ఫహాహీల్‌లో ఇద్దరు నర్సులతో కలిసి ఒక ఫ్లాటులో ఉండేదాన్ని. ఇద్దరూ మా వైపువాళ్ళే, ఒకళ్ళు వంట చేస్తే ఇంకొకళ్ళు వంకలు పెట్టేవాళ్ళు. పొద్దున్నే స్కూలు బస్సు కిందికొచ్చి హారన్ కొట్టేది. కోస్తా రోడ్డు మీద సముద్రం ఒకవైపు, ఫ్లాట్లు ఒకవైపు. నేను బస్సులో పేపర్లు దిద్దేదాన్ని, అందుకని ఆ సముద్రాన్ని సరిగ్గా చూసింది సెలవు రోజుల్లోనే. ఆరు చెప్పాను, ఏడూ ఎనిమిదీ చెప్పాను. కొన్నేళ్ళకి తొమ్మిది, పది వచ్చాయి. పన్నెండో తరగతి ఆడపిల్లలకి ఒక సీనియర్ మేడమ్ ఉండేవారు. ఆవిడ మంచి టీచరు, ఆరోగ్యం కూడా గట్టిది. నేను ఎదురుచూశాను.

ఆ ఎదురుచూపుల్లో నేను నేర్చుకున్నది ఒకటుంది. లెక్కల పిల్లలకి ఒక జబ్బు ఉంటుంది, దాన్ని ఆన్సరు కలపడం అంటారు. పుస్తకం వెనక పేజీల్లో జవాబులుంటాయి కదా. లెక్క సగంలో ఉండగానే వెనక్కి తిప్పి చూస్తారు. తమకొచ్చింది అక్కడున్నదానితో కలవకపోతే ఎక్కడ తప్పు చేశామా అని వెతకరు. ఎక్కడో ఒక ప్లస్సుని మైనస్ చేసి, ఒక రెండుని మింగేసి, జవాబు కలిపేస్తారు. పులుసులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోసి ఊరుకున్నట్టు. ఇది ఇండియాలో ఉంది, ఇక్కడా ఉంది. తెలివైన పిల్లల్లో మరీ ఎక్కువ, ఎందుకంటే వాళ్ళకి ఎక్కడ మార్చితే కనబడదో తెలుసు.

దీనికి మందుగా నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఇంటూలు కొట్టడం, మార్కులు వెయ్యడం మానేశాను. లెక్క ఏ మెట్టు దగ్గర దారి తప్పిందో ఆ మెట్టుకి ఒక సున్నా చుట్టి ఇచ్చేసేదాన్ని. మిగతాది వాళ్ళే చూసుకోవాలి. జవాబు కలిసినా సరే, మధ్యలో దొంగ మెట్టు ఉంటే సున్నా పడేది. తల్లిదండ్రులు ఆ సున్నాలు చూసి మార్కులనుకుని గోల పెట్టారు. స్టాఫ్ రూమ్‌లో నా పక్కన కూర్చునే అరబిక్ టీచరుకి మాత్రం అవి ఐదులు. అరబీలో ఐదు అంకె సున్నాలా ఉంటుంది. అందరికీ ఐదులే వేస్తావేం, ఒక్కళ్ళకైనా ఆరు రాదా అని అడిగేది. పిల్లలు నన్ను సున్నా మిస్ అనేవారు. నా వెనకాల అనుకునేవాళ్ళు గానీ, కారిడార్లో వినబడేలాగే.

ఒక ఏడాది బడిలో పిల్లలు తగ్గారు. చాలా కుటుంబాలు సర్దుకుని వెళ్ళిపోయాయి. సెక్షన్లు కలిపేశారు. మధ్య తరగతుల లెక్కలకి అంతమంది టీచర్లు అక్కర్లేదన్నారు. పోవాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను. సరిగ్గా అప్పుడే సీనియర్ మేడమ్ భర్తకి వేరే దేశంలో పని దొరికి, ఆవిడ వీసా రద్దు చేయించుకుని, ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "పన్నెండు తాత్కాలికంగా మీరు తీసుకోండి. పర్మనెంటు సంగతి ఎడ్యుకేషన్ మినిస్ట్రీ మేడమ్ తనిఖీకి వచ్చి మీ పాఠం చూశాక" అన్నారు. ఆవిడ సరేనంటే నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే పర్మిట్టు, బడి కొత్తగా చేయిస్తుంది. లేకపోతే ఇండియా నుంచి ఎవరినో తెప్పించుకుంటారు, నేను వేసవి సెలవులకి టికెట్టు ఒకవైపే తీసుకోవాలి. తిరిగి వెళ్తే అమలాపురంలో ఏముందో నాకు తెలుసు. జూనియర్ ఇంటరు ఉంది.

పన్నెండో తరగతిలో మొదటిరోజు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, బోర్డు మీద తారీఖు తప్పు రాసి, తుడిచి మళ్ళీ రాశాను. ఆ వయసులో, అంత అనుభవం ఉండి తడబడడం నాకే విచిత్రంగా అనిపించింది. చాలా సంతోషపడ్డాను. ఇంతకన్నా దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఆ క్లాసులో రాయచోటి అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న అమ్ఘరాలో పాత ఇనుము కొట్టులో పని. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. నాతో మాత్రం ఎవరూ లేనప్పుడు అచ్చంగా వాళ్ళ ఊరి తెలుగు మాట్లాడేది. లెక్కల్లో క్లాసుకి మొదటిది. చెయ్యి ఎత్తడం కూడా ఆమెకి రాదు, నేరుగా లేచి బోర్డు దగ్గరికి వచ్చేసేది. పిల్లలకి స్టాఫ్ రూమ్ సంగతులన్నీ మనకంటే ముందే తెలుస్తాయి. నా ఉద్యోగం ఆ ఒక్క పాఠం మీద ఉందని క్లాసు మొత్తానికి తెలుసు.

తనిఖీకి ముందు రిహార్సల్ చెయ్యడం మా బళ్ళలో మామూలే. పెళ్ళిచూపుల్లో ఏ పాట పాడాలో ముందే అనుకున్నట్టు, ఏ లెక్క చెయ్యాలో, ఎవరు లేవాలో, ఎవరు సందేహం అడగాలో అన్నీ ముందే అనుకుంటారు. నాకు ఒళ్ళు మండింది గానీ ప్రిన్సిపాల్ మాట కాదనే స్థితిలో లేను. డిటర్మినెంట్ల పాఠం ఎంచుకున్నాం. బోర్డు దగ్గరికి వెళ్ళాల్సింది రాయచోటి అమ్మాయి. ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని వెనక పేజీ తీసి పెట్టుకుని జవాబులు సరిచూస్తారు. ఇదీ ఏర్పాటు.

మినిస్ట్రీ మేడమ్ పెద్దావిడ, నల్ల అబాయా, చేతిలో కాగితాలేమీ లేవు. ఒకప్పుడు తనూ లెక్కల టీచరేనని ప్రిన్సిపాల్ చెప్పారు. రిహార్సల్ చేసిన మొదటి లెక్క చక్కగా అయిపోయింది. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు. అలాంటి లెక్కలు ఆవిడ ఎన్ని స్కూళ్ళలో చూసుంటుందో. లేచి ముందు బెంచీ దగ్గరికి వచ్చి, ఒక పిల్ల ముందున్న అభ్యాసాల పుస్తకం తిరగేసి, ఒక లెక్క మీద వేలు పెట్టి, "ఇది" అంది. అది మేము అనుకున్న లెక్క కాదు.

రాయచోటి అమ్మాయి పుస్తకం ఎడమ చేత్తో పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది.

లెక్క పెద్దదేమీ కాదు. మూడు అడ్డవరసలు, మూడు నిలువువరసలు. విప్పేటప్పుడు మొదటి పదానికి ప్లస్, మధ్య పదానికి మైనస్, చివరి పదానికి ప్లస్. పన్నెండో తరగతిలో ఎవరిని నిద్రలేపి అడిగినా చెబుతారు. ఆ పిల్ల తప్పులేకుండా విప్పింది. మైనస్ రెండు, మైనస్ ముప్పై, ప్లస్ ఏడు. మైనస్ ఇరవై ఐదు రావాలి. రాయబోతూ అలవాటుకొద్దీ పుస్తకం వెనక పేజీ తిప్పింది. చెయ్యి ఆగింది. నేను పక్కనే ఉన్నాను గనుక నాకూ కనిపించింది. పుస్తకంలో ముప్పై ఐదు అని ఉంది. పుస్తకం వేసినవాళ్ళే మధ్య పదం మైనస్ మరిచిపోయారు.

అప్పుడు ఆ అమ్మాయి డస్టరు కూడా తీసుకోలేదు. చూపుడువేలితో ముప్పై ముందున్న మైనస్‌ని తుడిచి, అక్కడ ప్లస్ పెట్టింది. ముప్పై ఐదు అని రాసి కింద రెండు గీతలు గీసింది. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ పేజీ చూసుకుని, తల ఊపి, "వెరీ గుడ్" అన్నారు.

ఆ క్షణానికి మైనస్ ఎందుకు మారిందో తెలిసింది ఇద్దరికే, ఆమెకీ నాకూ. నేను ఊరుకుంటే అయిపోతుంది. పుస్తకం, ప్రిన్సిపాల్, క్లాసులో మొదటి అమ్మాయి అందరూ ఒకే మాట మీద ఉన్నారు. నాకు భయం వేసింది. విమానం ఎక్కాల్సొస్తుందని భయం. ఆ భయంతో నోరు మూసుకుంటానేమోనని ఇంకా పెద్ద భయం. పన్నెండో తరగతి చెప్పడమంటే ఇదేనా అని నా మీద నాకే కోపం వచ్చింది. మార్కర్ తీసి ఆ ప్లస్సుకి సున్నా చుట్టాను.

"ఇక్కడున్న మైనస్ ఎక్కడికి పోయింది?" అని క్లాసుని అడిగాను.

రాయచోటి అమ్మాయి నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ప్రిన్సిపాల్ వెనక నుంచి, "మేడమ్, ఆన్సర్ కలిసింది కదా, ముందుకెళ్దాం" అన్నారు. ఇంగ్లీషులో నేనేం జవాబు చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. మనసులో మాత్రం తెలుగులోనే అనుకున్నాను. కలవలేదు సార్, కలిపాం.

బెల్లు కొట్టారు. పిల్లలెవరూ కదల్లేదు. మినిస్ట్రీ మేడమ్ లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. మనం ఎడమవైపు నుంచి చదువుతాం కదా, ఆవిడ కుడి చివర నిలబడింది. అరబీలో లెక్కలు కూడా కుడి నుంచే రాస్తారు. అలా చివరి పదం నుంచి వెనక్కి వేలితో చూసుకుంటూ వచ్చి, నేను చుట్టిన సున్నా దగ్గర ఆగింది. ప్లస్సు కింద చెరిపిన మసక ఇంకా కనబడుతోంది. తర్వాత మార్కర్ తీసుకుని, బోర్డు కుడి అంచు నుంచి తన అంకెల్లో తన పద్ధతిలో అదే లెక్క వేసింది. పిల్లలకి అరబిక్ తప్పనిసరి గనుక వాళ్ళు చదవగలిగారు. ఆవిడ లెక్క బోర్డు మధ్యలో మా లెక్క పక్కన ముగిసింది. మైనస్ ఇరవై ఐదు.

ప్రిన్సిపాల్ దగ్గర పుస్తకం అడిగి తీసుకుని, వెనక పేజీ చూసి మూసేసింది. "పుస్తకం తప్పు" అంది. రాయచోటి అమ్మాయితో, "నువ్వు మొదట సరిగ్గానే రాశావు" అంది. నాతో ఏమీ అనలేదు. యల్లా, పదండి అని ప్రిన్సిపాల్‌ని బయల్దేరదీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడని కారు ఎక్కించి వచ్చాక ప్రిన్సిపాల్ నన్ను కారిడార్లో ఆపారు. ఆయన చెడ్డ మనిషేం కాదు. "ఆ సంగతి వాళ్ళు వెళ్ళాక చెప్పి ఉండొచ్చు కదా మేడమ్" అన్నారు. "వెళ్ళాక చెబితే పిల్లలకి ఏం తెలిసేది సార్" అన్నాను. "పిల్లలకి తెలిసేది. మనకి పరువు మిగిలేది" అన్నారు. ఆయన మాటా నిజమే. అందుకని ఆయన తన గదికి, నేను నా క్లాసుకి వెళ్ళిపోయాం.

మధ్యాహ్నం ఆ అమ్మాయి లాబ్ దగ్గర కనబడితే అడిగాను, ఎందుకలా చేశావని. తల ఎత్తలేదు.

"మిమ్మల్ని పంపించేస్తారంట కదా మిస్. ఆన్సరు కలవకుంటే మీ మీదికి వస్తాదని అట్ల చేసినా."

"పుస్తకం తప్పని నేను చెప్పేదాన్ని కదే."

"అది నాకేం తెలుసు. నాది తప్పేమో అనుకున్యా. మీరుండాలనే చేసినా మిస్. మీరేమో అందరి ముందర నన్ను దొంగను చేసినారు."

నువ్వు దొంగవి కాదన్నాను. ఆ మాట ఆమెకి ఆనలేదు. బోర్డు మీద సున్నా అందరూ చూశారు, లాబ్ దగ్గర నా మాట ఎవరూ వినలేదు. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల తనంతట తాను బోర్డు దగ్గరికి రావడం మానేసింది. పిలిస్తే వచ్చి, లెక్క తప్పులేకుండా చేసి, వెళ్ళి కూర్చునేది. వెనక పేజీ ఒక్కసారి కూడా తిప్పలేదు. నేను కోరుకున్నది అదే. అయినా చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

మినిస్ట్రీ నుంచి ఏ కబురూ లేదు. ఫహాహీల్ మార్కెట్‌లో కార్గోవాళ్ళ దగ్గర పెద్ద అట్టపెట్టె కొని తెచ్చి గదిలో పెట్టాను. నర్సుల్లో చిన్నమ్మాయి దాన్ని చూసి, "అదేంటక్కా, అప్పుడే పెట్టె తెచ్చేశారేంటండీ. ఎవరో ఏదో చెప్పేదాకా ఆగొచ్చు కదండీ" అంది. ఆగమంటే ఆగగలను. ఆగడంలో నాకు చాలా అనుభవం ఉంది. పుస్తకాలు మాత్రం పెట్టెలో పెట్టేశాను. ఇంకా చెప్పాల్సిన పాఠాలు మిగిలాయి గనుక, ఎవరొచ్చినా నా పిల్లలకి తక్కువ కాకూడదని సాయంత్రాలు కూడా ఆపి చెప్పాను. ఒకరోజు ఇంటిగ్రేషన్ చెబుతూ ఉండగా, ఈ గది ఇంక కొన్నాళ్ళేనన్న ఆలోచన వచ్చి మార్కర్ బల్ల మీద పెట్టేశాను. మంచినీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళాను. బయట ఏడ్చాను.

తర్వాత ఒక ఉదయం ప్రిన్సిపాల్ పిలిచారు. ముఖం విప్పారి ఉంది. మినిస్ట్రీ మేడమ్ నన్ను పన్నెండుకి ఒప్పుకుంది. అంతే కాదు, వేరే స్కూళ్ళ లెక్కల టీచర్లని పిలిపించి వాళ్ళ ముందు నన్ను ఒక పాఠం చెప్పమంది. ఏ పాఠమని అడిగాను. "ఏ పాఠమైనా సరేనట. రిహార్సల్ మాత్రం వద్దన్నారు" అన్నారు ప్రిన్సిపాల్. బోర్డు మీద సున్నా చుట్టిన టీచరు ఇంకా ఉందా, పోయిందా అని ఆవిడ రెండుసార్లు అడిగిందట.

ఏడాది చివర సభలో నాకు శాలువా కప్పి, ఒక జ్ఞాపిక ఇచ్చారు. తప్పుని దాచకుండా నేర్పడం మొదటి నుంచీ మా బడి పద్ధతి అని ప్రిన్సిపాల్ మైకులో చెప్పారు. ఆయన కలిపిన జవాబు అది. సభలో సున్నా చుట్టడం బాగుండదని చప్పట్లు కొట్టాను. శాలువా ఎండలో గుచ్చుకుంది. అయినా తియ్యబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళకి నాకు దక్కిందది, సంతోషంగానే ఉంది.

సభ అయ్యాక బస్సుల దగ్గర రాయచోటి అమ్మాయి వరసలో నిలబడి ఉంది. నేనే దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో అనుకోలేదు. ఆ పిల్ల నా శాలువా వైపు చూసి, "ఉంటారంట కదా మిస్" అంది.

"ఉంటాను."

"ఒకటి అడగాల్నా?"

"అడుగు."

"మిమ్మల్ని ఉంచుకునింది ఆ సున్నా చూసే కదా?"

"అవును."

"సున్నా చుట్టాలంటే తప్పు ఉండాల కదా?"

"ఉండాలి."

"ఆ తప్పు చేసింది నేను. మీరుండాలని చేసినా. మీరు ఉండారు." బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "ఆన్సరు కలిసింది మిస్. ఈసారి నేనేం కలపలేదు."

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత నా వైపు చూసి నవ్వింది. బస్సు వెళ్ళిపోయింది.

శాలువా మడిచి చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడి, ఆ పిల్ల చెప్పినదాన్ని మొదటి మెట్టు నుంచి చూసుకుంటూ వచ్చాను. తర్వాత ఆ మినిస్ట్రీ మేడమ్‌లా చివరి నుంచి వెనక్కి చూశాను. ఇప్పుడు నేను పన్నెండో తరగతికే చెబుతున్నాను. ఆ అమ్మాయి లెక్కలో ఎక్కడ సున్నా చుట్టాలో నాకింకా దొరకలేదు.